పాడటం, పాడుకోవటం

మన తెలుగులో ఒక చిత్రం ఉంది. మగవాడు పాట అందుకుంటే "ఆయన పాడుతున్నారు" అంటాం. ఆడది అందుకుంటే "ఏదో పాడుకుంటోంది" అంటాం. పాట అదే, రాగం అదే, ఒక్కొక్కప్పుడు శ్రుతి ఆడవాళ్ల వైపే కాస్త మెరుగ్గా కూడా ఉంటుంది. అయినా ఆ 'కో' ఒకటి వచ్చి మధ్యలో పీట వేసుకుని కూర్చుంటుంది. వ్యాకరణం తెలిసిన మాస్టార్లని అడిగితే అది ఆత్మార్థకం అంటారు. తన కోసం తాను చేసుకునే పనికి తగిలించే ముక్కట. బాగానే ఉంది. మరి ఆవిడ వంట చేస్తూంటే "వండుకుంటోంది" అనరేం? ఇంటిల్లిపాది బట్టలూ ఉతుకుతూంటే "ఉతుక్కుంటోంది" అనరేం? అక్కడ చక్కగా "వండుతోంది", "ఉతుకుతోంది" అంటారు. పదిమందికీ పనికొచ్చే పని కనక దానికి 'కో' అంటలేదు. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పాపం, తన కోసం తాను ఏదో చేసుకుంటోందని తేల్చేశారు. చేసుకోనిస్తున్నారా అంటే అదీ లేదు.

పాట పాడే హక్కుతోపాటు పాటని మెచ్చే హక్కు కూడా ఇలాగే పంపకం అయిపోయింది. ఆదివారం పూట పడక్కుర్చీలో వాలి, కళ్లు మూసుకుని, కుర్చీ చేతిమీద తప్పుతాళం వేస్తూ పాట వినే మగవాణ్ణి రసికుడంటారు. "మావారికి పాతపాటలంటే ప్రాణమండీ" అని మనమే పదిమందికీ చెప్పుకు మురుస్తాం. అదే సమయంలో వంటింట్లో పోపు చిటపటల మధ్య ఆ పాటని పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా ఒక్క ముక్క తప్పు పోకుండా అప్పజెప్పే ఇల్లాలిని ఏమంటారు? ఏమీ అనరు. "కూనిరాగాలు చాల్లే, చారు పొంగుతోంది చూడు" అంటారు.

నా అభియోగం ఏమిటంటే, తెలుగు పాటని డెబ్బై ఎనభై ఏళ్లుగా నిలబెట్టింది ఈ కూనిరాగాలే. అయినా ఆ పాటలు పాడే ఆడవాళ్లకి మన ఇళ్లల్లో గొంతెత్తే అవకాశం లేకుండా చేశారు. చేసినవాళ్లలో మగవాళ్లే కాదు, మన అత్తగార్లూ అమ్మలూ మనమూ కూడా ఉన్నాం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి కదా!

ముందు పెళ్లిచూపుల సంగతి తీసుకుందాం. ఒకప్పుడు మధ్యతరగతి ఇంట్లో ఆడపిల్లకి సంగీతం చెప్పించటం అంటే ఎంత తతంగమో ఆ రోజులు చూసినవాళ్లకి తెలుసు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, పిళ్లారి గీతాలు, ఆ మీద స్వరజతి, వర్ణం, ఆ తరవాతగానీ కీర్తన చేతికి రాదు. పొద్దున్నే లేచి, చలికి వణుకుతూ, పక్కింటివాళ్లు తిట్టుకుంటూంటే సాధన. జీతం పుచ్చుకునే మాస్టారికి ప్రతి నెలా డబ్బు కట్టాలి, పండక్కి బట్టలు పెట్టాలి. ఇన్నేళ్ల ఖర్చూ శ్రమా ఎందుకంటే, ఒకనాటి సాయంత్రం చాపమీద తలవంచుకు కూర్చుని, ఎన్నడూ చూడని పదిమంది ఎదుట ఒక్క పాట పాడటానికి! పాడుతూండగా ఒకాయన ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూంటాడు. ఇంకొకావిడ అమ్మాయి జడ అసలుదా సవరమా అని చూస్తూంటుంది. పాట అవగానే "బాగా పాడిందమ్మా" అంటారు. అంతే, పరీక్ష పాసు. ఆ పైన కట్నం మాటలు.

మరి పెళ్లయ్యాక? వీణకి ముసుగు తొడిగి అటక ఎక్కిస్తారు. హార్మనీ పెట్టెమీద మడతబట్టలు పెడతారు. సంగీతం నోట్సు పుస్తకం ఆఖరి పేజీల్లో పాల లెక్క, చాకలి పద్దు చేరతాయి. నాకు తెలీక అడుగుతాను, పెళ్లికి ముందు అర్హత అయిన పాట పెళ్లయ్యాక అల్లరి ఎలా అవుతుంది? బి.ఏ. పాసైన కుర్రాణ్ణి ఉద్యోగంలో చేర్చుకుని, "ఇంక చదవటం, రాయటం మానెయ్యి నాయనా, నీకు చదువొచ్చని తెలిసిందిగా, చాలు" అనే ఆఫీసు ఎక్కడన్నా ఉందా?

పూర్తిగా పాడొద్దన్నారా అంటే, అలా అన్నారని అబద్ధం చెప్పలేను. మూడు చోట్ల ఒప్పుకున్నారు. దేవుడి ఎదుట మంగళహారతి పాడొచ్చు. ఉయ్యాల దగ్గర జోలపాట పాడొచ్చు. పెళ్లిలో వియ్యపురాలి మీద వేళాకోళం పాటలు పాడొచ్చు. దేవుడికి, పసివాడికి, వియ్యాలవారికి. ఈ ముగ్గురిలో మొదటివాడు మాట్లాడడు, రెండోవాడికి మాటలు రావు, మూడోవాళ్లు ఆ పూటకి కోప్పడకూడదు. మాటకి మాట చెప్పగల మనిషి ఎదురుగా కూర్చుని వినే చోట మాత్రం ఆడదాని పాటకి పీట లేదు.

ఈ జబ్బు మన ఇళ్లతో మొదలైందనుకోకండి. దీనికి పెద్ద చరిత్రే ఉంది. తిరువయ్యూరులో త్యాగయ్యగారి సమాధి శిథిలమై పడి ఉంటే, 1920లలో బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొంత సొమ్ముతో అక్కడ గుడి కట్టించారు. తీరా గుడి కట్టాక, ఆరాధన ఉత్సవంలో ఆడవాళ్లు పాడటానికి వీల్లేదన్నారు విద్వాంసులు! త్యాగయ్య రాసిన తెలుగు కీర్తన, ఆయన సమాధి దగ్గర, ఆ సమాధికి గుడి కట్టించిన మనిషే పాడకూడదట. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్లనందరినీ కూడగట్టుకుని వేరే కచేరీ పెట్టారు. 1940 ప్రాంతాలకి వర్గాలన్నీ ఒక్కటై, అందరితోపాటు ఆడవాళ్లూ పాడే రోజు వచ్చింది. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని 1910లో మళ్లీ అచ్చువేయించి, నిషేధానికి గురైన పుస్తకం కోసం పోట్లాడిందీ ఆ నాగరత్నమ్మగారే. ఆవిడ దేవదాసీల ఇంట పుట్టిన మనిషి. "పాటా? మన ఇంటా వంటా లేదమ్మా, సంసారపక్షంగా ఉండు" అనే మాటలో దాక్కున్న భయం ఇక్కడిదే. పాడే ఆడవాళ్లు వేరు, కాపురం చేసుకునే ఆడవాళ్లు వేరు అని గీత గీసిన కాలం పోయింది. గీత మాత్రం మన గుమ్మాల్లో చెరగని ముగ్గులా ఉండిపోయింది.

ఇక రేడియో మాట. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో స్టేషను వచ్చింది. కానీ 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక, సినిమా పాటలు వింటే జనం అభిరుచి చెడిపోతుందని ఆకాశవాణిలో వాటికి దాదాపు తలుపులు మూసేశారు. పెద్దల అభిప్రాయం పెద్దలది. ఇళ్లల్లో ఆడవాళ్లు ఏం చేశారు? ముల్లు తిప్పి సిలోను పెట్టుకున్నారు. గరగర చప్పుళ్ల మధ్య, సముద్రం అవతలినించి తేలుతూ వచ్చే తెలుగు పాటల కోసం పనులు వేళ మార్చుకున్నారు. మీనాక్షి పొన్నుదురైగారి గొంతు విన్నవాళ్లకి ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టింది. ఇంతమంది వినేవాళ్లు లేకపోతే దిగివచ్చేదా? వినేవాళ్లలో ఇంటిపట్టున ఉండి, పగలంతా పని చేస్తూ చెవి ఒకటి అటు పడేసినవాళ్లు ఎవరు? ఆఫీసుల్లో ఫైళ్లు చూసుకుంటున్న శ్రీవార్లు కాదుగదా!

అలా వినటం కూడా ఏదో కాలక్షేపం అనుకుంటే పొరపాటు. పాట రేడియోలో వస్తే వెనక్కి తిప్పి వినటానికి లేదు. మొదటిరోజు పల్లవి రాసుకోవాలి. మళ్లీ ఆ పాట ఎప్పుడు వేస్తారో తెలీదు. వేసినప్పుడు మొదటి చరణం. మధ్యలో పాలు పొంగితే సగం చరణమే. రెండిళ్ల అవతలి పిన్నిగారికి మిగతా సగం దొరికి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ పుస్తకం, ఈవిడ పుస్తకం పక్కపక్కన పెట్టి చూసుకుంటే పాట పూర్తవుతుంది. ఒక్క మాటమీద ఇద్దరికీ పేచీ వస్తే మళ్లీ పాట వచ్చేదాకా వాయిదా. పాత తాళపత్రాలు నాలుగు ముందేసుకుని పాఠభేదాలు సరిచూసే పండితులకి శాలువాలు కప్పుతారు. ఆ పిన్నిగార్లు చేసింది కూడా అదే పని. శాలువా మాట దేవుడెరుగు, "ఈ పిచ్చి రాతలేమిటి" అన్న మాటలే మిగిలాయి.

పందెం కాసి చెప్తున్నాను, ఏ ఇంట్లోనైనా పరీక్ష పెట్టి చూడండి. రసికుడుగారికి పల్లవి వస్తుంది. పల్లవి అయ్యాక "తననా తననా" అని ఊగుతారు. చరణం ఎత్తుకునేది, రెండో చరణంలో మాట మారిన చోటు పట్టుకునేది, ఆ సినిమాలో అది ఎన్నో పాటో చెప్పేది ఇల్లాలే. పైగా సగం సినిమాలు ఆవిడ చూసి ఉండదు కూడా!

ఇప్పుడు నా ఇష్టాల గురించి నాలుగు మాటలు. ఇష్టం చెప్పటం కూడా ఒక వాదనే కనక చెప్తున్నాను.

నాకు భానుమతిగారి గొంతు ఇష్టం. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి'లో కృష్ణశాస్త్రిగారి మాట, సాలూరి రాజేశ్వరరావుగారి వరస, భానుమతి గొంతు మూడూ కలిశాయి. ఆ రోజుల్లో హీరోయినుకి వేరేవాళ్లు పాడటం అలవాటైపోతున్నా, ఆవిడ తన పాట తనే పాడుకున్నారు. చూశారా, నేనూ ఆ 'కో' వాడేశాను! కానీ ఇక్కడ ఆ 'కో'కి తలవంపు లేదు. ఆ గొంతులో బతిమాలటం ఉండదు. ఏడుపు పాటలో కూడా కాస్త నిక్కు ఉంటుంది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో డైరెక్టు చేసిన మనిషి, 'అత్తగారి కథలు' రాసి మనల్ని కడుపుబ్బ నవ్వించిన మనిషి, ఆ మనిషి గొంతులో బెదురు ఎలా ఉంటుంది? మన అమ్మలు వంటింట్లో ఆవిడ పాటలు పాడుకుంటూ ఆ నిక్కుని ఓ పూట అరువు తెచ్చుకునేవారు. అందుకే ఆ పాట వినపడితే కొందరికి చారు పొంగుతున్నట్టనిపించేది!

'లవకుశ' నాకు ఇష్టం. 1963లో ఆ సినిమా వచ్చినప్పటినించి రామాయణం అంటే తెలుగు జనం చెవుల్లో మోగేది ఆ ఇద్దరు కుర్రాళ్ల పాటలే. ఘంటసాలగారి సంగీతం కాబట్టి ఆయన్ని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. తెరమీద పిల్లల ముద్దుమొహాలు గుర్తుంటాయి. కానీ ఆ లవుడికీ కుశుడికీ గొంతులిచ్చింది పి.లీల, పి.సుశీల అని ఎంతమంది మగమహారాజులు తడుముకోకుండా చెప్తారు? ఒకావిడ కేరళలో చిత్తూరునించి వచ్చిన మళయాళీ, ఇంకొకావిడ మన విజయనగరం అమ్మాయి. సభలో కూర్చున్న రాముడికి ఆయన కథే విప్పి చెప్పి, "ఇదేం న్యాయం" అని నిలదీసినంత పని చేసిన ఆ గొంతులు రెండూ ఆడగొంతులు. ఆ ఊహ నాకు ఎప్పుడూ ఆనందంగా ఉంటుంది. సీతమ్మవారి మాట రాముడి ముందు చెప్పటానికి ఆవిడ గొంతు చాలదని పిల్లల్ని పంపారు. ఆ పిల్లల గొంతుల్లోంచి మళ్లీ పలికింది ఆడవాళ్లే!

ఇలాంటిదే 'స్వాతికిరణం'లో ఇంకోసారి జరిగింది. ఆ సినిమాలో పెద్ద విద్వాంసుడికి కన్నుకుట్టేటంత గొప్పగా పాడే కుర్రవాడి గొంతు వాణీ జయరాంది. ఆ పాటకి ఆవిడకి జాతీయ బహుమతి వచ్చింది. పెద్ద పండితుడు అసూయపడటానికి ఆడగొంతు పనికొస్తుందట, కథలో మాత్రం ఆ గొంతు కుర్రాడిది కావాలట!

పి.లీలగారి గురించి ఇంకో సంగతి. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' డైరెక్టు చేసినప్పుడు, ఆ సినిమాకి సంగీతం లీలగారు చేశారు. అలాంటి అవకాశాలు ఆవిడకి మళ్లీ మళ్లీ వచ్చాయా? పాడటానికి ఆడవాళ్లు కావాలి. వరస కట్టటానికి మాత్రం మగవాళ్లే తెలుస్తారు. వంట ఆడవాళ్లదే, పెళ్లివంటకి గరిటె పట్టేది మాత్రం వంటబ్రాహ్మడు. ఇదీ ఆ లెక్కే.

సుశీలగారి సంగతి చెప్పకుండా ఈ జాబితా పూర్తి కాదు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, 1952లో సినిమాల్లోకి వచ్చి, 1968 సినిమాలకి గాను మొట్టమొదట నేపథ్యగాయనికి జాతీయ బహుమతి పెట్టినప్పుడు అది అందుకుని, మొత్తం ఐదుసార్లు గెలుచుకున్నారు. 2016లో గిన్నిస్ వాళ్లు 17,695 పాటల లెక్క తేల్చి పుస్తకంలోకి ఎక్కించారు. ఆ అంకె చూసి అందరూ అబ్బో అన్నారు. నాకు అంకెకంటే ఇంకొకటి ముఖ్యం. ఆ గొంతులో తెలుగు అక్షరం నలగదు. ఒత్తులు ఒత్తుల్లా, పొల్లులు పొల్లుల్లా వినిపిస్తాయి. బడికి వెళ్లని అమ్మమ్మలు ఆ పాటలు విని స్పష్టమైన తెలుగు నేర్చుకున్నారు. బడిపంతుళ్లు చేయాల్సిన పని ఆవిడ రేడియోలోంచి చేశారు.

జానకిగారిది ఇంకో తీరు. గుంటూరు జిల్లాలో పుట్టి, దక్షిణాది భాషలన్నిటిలోనూ పాడి, నాలుగుసార్లు జాతీయ బహుమతి తీసుకున్నారు. 2013లో పద్మభూషణ్ ఇస్తామంటే ఆలస్యంగా ఇచ్చారని చెప్పి తిప్పి కొట్టారు. ఇచ్చినదానికి కళ్లకద్దుకుని, "నాకెందుకండీ ఇంత" అనటమే ఆడదాని మర్యాద అని నేర్చుకున్న మనకి, ఆ "వద్దు" కూడా ఒక పాటలాగే వినిపించాలి.

ఇక్కడ ఎవరైనా చెయ్యెత్తి అడగొచ్చు. "ఏమమ్మా, ఇంత చెప్తున్నావు. ఆ పాటలన్నీ రాసింది మగవాళ్లు. అందులో సగం పాటలు భర్తే దైవమని, ఓర్చుకోమని, ఏడవమని చెప్పేవేగా! వాటిని నెత్తిన పెట్టుకోవటం ఏం తెలివి?" అని. ప్రశ్న సబబైనదే. దానికి డొంకతిరుగుడు జవాబు చెప్పను. పాదాలకి మొక్కే పాటలు బోలెడు ఉన్నాయి. కొన్ని వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ పాట వినటం వేరు, పాట చెప్పిన మాట వినటం వేరు. మన అమ్మలు ఆ తేడా తెలియనివాళ్లు కారు. సహనం గురించిన పాట పాడుతూనే సహనం లేకుండా గిన్నెలు ఎత్తేసిన ఇల్లాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నోరు విప్పి చెప్పటానికి వీల్లేని దిగులు ఒకటి ఉన్నప్పుడు, ఎవరో రాసిన మాటల్లో దాన్ని పోసి పైకి పంపేవాళ్లు. అడిగితే "సినిమా పాటేగా" అనేవాళ్లు. అదొక చాటు. చాటు అవసరం లేని రోజు వస్తే మంచిదే. ఆ రోజు వచ్చేదాకా చాటుని వెక్కిరించటం, వర్షంలో ఉన్నవాడి గొడుగు లాక్కోవటం లాంటిది.

ఇంకో వాదన రసికుడుగారిదే. "ఎన్ని చెప్పు, పాతపాటలే పాటలు. ఇప్పటివి చప్పుళ్లు" అంటారు. ఈ మాట వింటే నాకు కేస్కర్ గారు గుర్తొస్తారు. ఇప్పుడు మనం బంగారం అంటున్న పాటలనే ఆ రోజున ప్రభుత్వం జనానికి పనికిరావంది. మన తాతగార్లు నాటకాల పద్యాలు విని, సినిమా పాటలకి చెవులు మూసుకున్నారు. ప్రతి తరమూ తన యవ్వనంలో విన్నదాన్ని సంగీతమనీ, తన పిల్లలు విన్నదాన్ని గోల అనీ అంటూనే ఉంది. నేనూ పాతపాటలే ఎక్కువ వింటాను. అది నా వయసు, నా ఇష్టం. దాన్ని తీసుకెళ్లి కూతురి నెత్తిన తీర్పులా రుద్దటానికి నాకు అధికారం లేదు. పైగా ఒక పాట పాతబడి నిలబడిందంటే, దాన్ని ఇన్నేళ్లు ఎవరో ఒకరు పాడుతూ ఉండాలి. కొత్తపాటల్లో ఏది నిలుస్తుందో తేల్చేది రేపటి ఇళ్లల్లో పాడే ఆడపిల్లలే. వాళ్ల నోళ్లు మూయించి, పాట చచ్చిపోతోందని మనం శోకాలు పెట్టటం ఎంత అన్యాయం!

పేర్ల మాట కూడా చెప్పి తీరాలి. 1949లో 'మహల్' హిందీ సినిమా వచ్చినప్పుడు, దేశమంతా ఊగిపోయిన పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు వేయలేదు. తెరమీది పాత్ర పేరు కామిని అని వేశారు. ఆ తరవాత ఆవిడలాంటివాళ్లు పోట్లాడితేగానీ గాయకుల పేర్లకి గౌరవం రాలేదు. రేడియోవాళ్లు ఒక మేలు చేశారు. పాటకి ముందో వెనకో చిత్రం పేరు, రాసినవారు, సంగీతం, పాడినవారు అని వరసగా చెప్పేవారు. అలా విని విని మన అమ్మలకి ఆ పేర్లన్నీ మేనమామల పేర్లంత దగ్గరైపోయాయి. ఇప్పుడు ఫోనులో పాట నొక్కితే హీరోగారి బొమ్మ వస్తుంది. "ఫలానా హీరో పాట" అంటారు పిల్లలు. పాడిన ఆవిడ పేరు వెతికితేగానీ దొరకదు. అరనిమిషం ముక్కలుగా కోసి పంపుకునే పాటకి పాడినవాళ్ల పేరు ఎక్కడ అతుక్కుంటుంది? 2012లో కాపీరైటు చట్టం సవరించి, పాడినవాళ్లకీ పాటమీద వచ్చే డబ్బులో వాటా ఉందన్నారు. చట్టం డబ్బు లెక్క చూస్తుందేమో. పేరు గుర్తుంచుకోవటం మాత్రం వినేవాళ్ల పని. పెట్టినవాళ్ల పేరు అడక్కుండా అన్నం తిని చెయ్యి కడుక్కుంటే మర్యాద కాదంటాం కదా, పాట విషయంలోనూ అంతే.

ఇంత చెప్పాక, మరి ఏం చెయ్యమంటావు అంటారా? పెద్ద ఉద్యమాలేమీ అక్కర్లేదు. నాలుగే నాలుగు మాటలు.

పెళ్లిచూపుల పాట చాలా ఇళ్లల్లో మాయమైంది, సంతోషం. ఎక్కడైనా ఇంకా మిగిలి ఉంటే, "మా అమ్మాయి తప్పకుండా పాడుతుంది, ముందు మీ అబ్బాయి ఒకటి అందుకుంటే వింటాం" అని నవ్వుతూ చెప్పండి. కుర్రాడు పాడితే ఇద్దరికీ కాలక్షేపం. పాడకపోతే పరీక్ష రద్దు.

అమ్మాయికి సంగీతం చెప్పిస్తే, అది ఆమెకి వచ్చిన విద్య అని గుర్తుంచుకోండి. పెళ్లిలో ఇచ్చే స్టీలు సామానుతోపాటు లెక్క రాసేది కాదు. అత్తవారింటికి వెళ్లాక ఆ విద్య ఏమైందని ఉత్తరంలోనో ఫోనులోనో అడగండి. "ఒంట్లో ఎలా ఉంది, ఆయనెలా ఉన్నారు" అన్న ప్రశ్నల పక్కనే "ఏం పాడుతున్నావే" అని కూడా ఒకటి ఉండనివ్వండి. కోడలు ఉన్న అత్తగార్లకి ఇదే మాట ఇంకాస్త గట్టిగా చెప్తున్నాను. ఆ పిల్ల సాధనకి కూర్చున్నప్పుడు మీరు చారు చూసుకుంటే కొంప మునగదు.

పాట పాడితే మొత్తం పాడండి. ఎవరో వస్తున్న అలికిడి అయిందని చరణం మధ్యలో ఆపకండి. మగవాడు పేపరు చదువుతూంటే ఎవరైనా వస్తే ఆపి దాచుకుంటాడా? తలెత్తి చూసి మళ్లీ చదువుకుంటాడు. మనమూ తలెత్తి చూసి పాడొచ్చు. శ్రుతి తప్పుతుందేమో అన్న భయం పెట్టుకోకండి. కచేరీలు చేసే మహావిద్వాంసులకే అప్పుడప్పుడూ తప్పుతుంది, వాళ్లకి పక్కవాద్యాలున్నాయి కనక బయటపడదు. మనకి పక్కవాద్యం కుక్కరు కూత ఒక్కటే!

అటకమీద వీణ ఉంటే కిందికి దింపండి. తీగలు తెగి ఉంటాయి, మార్చుకోవచ్చు. వేళ్లు మొద్దుబారి ఉంటాయి, వారం రోజులు నొప్పెట్టి అవే దారికొస్తాయి. "ఈ వయసులో ఎవరికోసం?" అని ఎవరైనా అంటే, ఇన్నాళ్లూ దేవుడికీ పసివాడికీ వియ్యాలవారికీ పాడాననీ, ఇప్పుడు ఎదురుగా కూర్చుని వినేవాళ్లకోసం పాడుతున్నాననీ చెప్పండి. వినటం ఇష్టంలేని రసికుడుగారు ఉంటే, వంటింట్లో పోపు మాడుతోంది, ఆయన్ని వెళ్లి చూడమనండి.

పాడుకున్నది చాలు. ఇక పాడదాం.